ఊఁ అన్న నేరం

ముగడ సన్యాసిరావుకు గోల్ఫ్ ఆట రాదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తరవాత జరిగిన విచారణలో ఆ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆడేది పన్నెండేళ్ళ కూతురు జోషిత. ఈయన వెనకాల కర్రల సంచీ మోస్తాడు. అలా మోసేవాణ్ణి ఆ ఆటలో క్యాడీ అంటారు. పెద్దవాళ్ళ ఆటలో క్యాడీ అంటే గాలి ఎటు వీస్తోందో, ఏ కర్ర తియ్యాలో చెప్పగల ఘనుడు. పిల్లల ఆటలో క్యాడీ అంటే నాన్నో అమ్మో, ఆ వారం ఎవరికి నడుంనొప్పి లేకపోతే వాళ్ళు.

సన్యాసిరావు మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో అసిస్టెంటు ఇంజనీరు. ఊరి చివర, సముద్రం పక్క గుట్ట మీద గోల్ఫ్ క్లబ్బు ఉంది. ఊళ్ళో మనుషులకు రెండు రోజులకోసారి వచ్చే నీళ్ళు ఆ క్లబ్బు గడ్డికి రోజుకు రెండుసార్లు వస్తాయి. మూడేళ్ళ కిందట ఒక వేసవిలో అవి రాకుండా పోతే ఊరంతా కదిలింది, అంటే ఊళ్ళో పెద్దలంతా కదిలారని అర్థం. పంపు బాగు చేయించడానికి సన్యాసిరావు వెళ్ళాడు. సెలవులు కనక వెంట కూతురూ వెళ్ళింది. ఆయన పంపు విప్పించి బిగించే లోపు ఆ పిల్ల అక్కడ పడున్న కర్ర ఒకటి తీసి ఓ బంతిని కొట్టింది. అది జీడిమామిడి చెట్ల మీదుగా పోయి ఎక్కడో పడింది. క్లబ్బు కోచ్ చూసి, ఈ పిల్ల ఆడి తీరాలన్నాడు. పంపు బాగుపడ్డ సంతోషంలో క్లబ్బువాళ్ళు కాదనలేదు.

అప్పట్నించీ ఆదివారం వస్తే తండ్రీ కూతుళ్ళు గుట్ట మీదే. పద్దెనిమిది గుంతల్లోకి బంతిని పంపాలి, అంతా కలిపి నాలుగు గంటల నడక. ఆ నాలుగు గంటలూ జోషిత నోరు మూతపడదు. లెక్కల టీచరుగారి చెప్పు తెగిన వైనం, ఆరో తరగతి పిల్లలు టిఫిన్ డబ్బాలు మార్చేసిన వైనం, అన్నీ "మరేమో నాన్నా" అని మొదలవుతాయి. సన్యాసిరావు "ఊఁ" అంటాడు. బంతి దగ్గరికి చేరాక ఆ పిల్ల కబుర్లాపి కర్ర తీస్తుంది, కాళ్ళు సర్దుకుని నిలబడుతుంది, ఒక్కసారి వెనక్కి చూస్తుంది. "ఊఁ" అంటాడు. కొడుతుంది. మళ్ళీ నడక, మళ్ళీ లెక్కల టీచరు.

ఇంట్లో ఆయనకు కూతురితో మాట్లాడే తీరిక ఉండదు. ఫోను మోగుతూనే ఉంటుంది, ఊరందరికీ నీళ్ళు కావాలి. భుజాన సంచీ, చెవిలో కూతురి గొంతు, ఇంతకు మించిన సుఖం ఆయన జన్మలో ఎరగడు. జోషితకు మాత్రం ఇంకో కోరిక ఉంది. డిసెంబరులో జాతీయ పోటీలకు రాష్ట్రం నుంచి నలుగురు పిల్లల్ని పంపుతారు. ఆ నలుగురిలో తనుండాలి. కోచ్ అయితే, ఇలాగే ఆడితే ఖాయమని చెప్పేశాడు.

అన్నీ సవ్యంగా ఉంటే మనకు సమాఖ్యలెందుకు?

నిజం చెప్పాలంటే సమాఖ్య తలదూర్చే అవకాశం తల్లిదండ్రులే ఇచ్చారు. పిల్లల పోటీ జరుగుతుంటే పిల్లలు తప్ప అందరూ ఆడేవారు. పళ్ళ డాక్టరు కాంచనమాలగారు కూతురు అన్వితకు గొడుగుతో సంకేతాలిచ్చేది: గొడుగు తెరిస్తే గట్టిగా కొట్టు, మూస్తే మెల్లగా కొట్టు. ఒక రోజు నిజంగానే వాన వచ్చి ఆవిడ గొడుగు తెరిస్తే, ఆ పిల్ల రెండడుగుల దూరంలో ఉన్న గుంతను వదిలేసి బంతిని సముద్రంలోకి పంపింది. ఒకాయన దుర్భిణీ పట్టుకుని జీడిమామిడి చెట్టెక్కాడు, దిగడం రాలేదు. ఇంకో జంట చెరో పక్కా నిలబడి చెరో సలహా ఇచ్చి, అది కాస్తా పెళ్ళినాటి మాటల దాకా వెళితే, వాళ్ళబ్బాయి మధ్యలో కూచుని తెచ్చుకున్న పులిహోర తినేశాడు.

దాంతో రాష్ట్ర బాల గోల్ఫ్ సమాఖ్య మేలుకుంది. దాని కార్యదర్శి శొంఠి త్ర్యంబకరావుగారు ఏదో శాఖలో సంయుక్త సంచాలకులుగా చేసి రిటైరైన మనిషి. గోల్ఫ్ ఆయనకూ రాదు. సర్క్యులర్ రాయడం వచ్చు. రిటైరయ్యాక నాలుగేళ్ళుగా రాయడానికి సర్క్యులర్ లేక చెయ్యి తిమ్మిరెక్కి ఉన్నారు.

"ఇందుమూలముగా సమస్త జననీజనకులకు తెలియజేయునదేమనగా," అని మొదలైంది మొదటి సర్క్యులర్, "క్యాడీ విధులు నిర్వర్తించు తల్లి గాని, తండ్రి గాని, సదరు బాలక్రీడాకారునకు వాచికముగా గాని, ఆంగికముగా గాని, ఇతరత్రా గాని ఎట్టి సలహాయు ఇవ్వరాదు. ఇచ్చినచో సలహా ఒక్కింటికి రెండు దెబ్బలు వేయబడును."

గోల్ఫ్‌లో స్ట్రోకు అనే మాటకు ఆయన చేసుకున్న తెలుగు అది. ఎవరు ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు, కనక రెండు దెబ్బలు కలపడం శిక్ష. ఆ సంగతి తెలియక వారం రోజులు ఊళ్ళో గగ్గోలు. ఆ దెబ్బలు పిల్లలకా పెద్దలకా, చేత్తోనా కర్రతోనా అని సమాఖ్యకు ఫోన్లు. భర్తలకే అయితే తమకేమీ అభ్యంతరం లేదని ముగ్గురు ఇల్లాళ్ళు రాతపూర్వకంగా తెలియజేశారు.

తరవాత సవరణలు. "నీళ్ళు తాగమ్మా" సలహా అవునా? అవును, శారీరక స్థితిని మార్చును. "టోపీ పెట్టుకో"? అవును. ఎనిమిదో గుంత దగ్గర ఒక తల్లి "పాము!" అని అరిచింది. సమాఖ్య సమావేశమై, ఆ అరుపు వల్ల పిల్లవాడు నడిచే దిశ మారినందున అది దిశానిర్దేశమేనని తేల్చి రెండు దెబ్బలు వేసింది. పాము మీద చర్య తీసుకునే అధికారం సమాఖ్యకు లేకపోయింది.

ఇంత జరుగుతున్నా సన్యాసిరావు నిశ్చింతగా ఉన్నాడు. తనకు ఆటే రాదు, సలహా ఎక్కణ్ణించి వస్తుంది?

ఆగస్టులో జరిగిన పోటీలో జోషిత ఎనభై ఒక్క దెబ్బల్లో ముగించింది. అన్విత ఎనభై రెండు. మర్నాడు డాక్టరు కాంచనమాలగారి ఫిర్యాదు సమాఖ్యకు చేరింది. ముగడ సన్యాసిరావు అనే వ్యక్తి ప్రతి దెబ్బకూ ముందు "ఊఁ" అని శబ్దం చేశాడు. ఎనభై ఒక్క దెబ్బలకు ఎనభై ఒక్క ఊఁలు, తాను స్వయంగా లెక్క పెట్టింది. ఊఁ ఒక్కింటికి రెండు చొప్పున నూట అరవై రెండు కలిపితే జోషిత స్కోరు రెండు వందల నలభై మూడు.

ఊఁకార విచారణ ఉపసంఘం ఏర్పాటైంది. గవర్నమెంటు ఉద్యోగంలో ఇన్నేళ్ళున్నా ఒక్క చార్జిషీటు ఎరగని సన్యాసిరావు, ఊఁ అన్నందుకు నోటీసు అందుకున్నాడు.

క్లబ్బు మేడ మీద గదిలో విచారణ. మధ్యలో త్ర్యంబకరావుగారు, ఒక పక్క కాంచనమాలగారు, ఇంకో పక్క భాషా నిపుణులుగా పిలిపించిన విశ్రాంత తెలుగు పండితులు అయ్యగారి సోమయాజులుగారు. ఎదురుగా సన్యాసిరావు, పక్కన బడి యూనిఫారంలో జోషిత.

"ఏడవ గుంత వద్ద తాము ఊఁ అనినారా?" అన్నారు కార్యదర్శిగారు.

"అన్నానండి."

"సదరు ఊఁ యందు తమ ఉద్దేశమేమి?"

"ఏటీ లేదండి. నాకసలు ఆటే రాదండి."

"ఏ ఉద్దేశమూ లేకుండ మనుష్యుడు ఊఁ అనుట సాధ్యమా?"

"పెళ్ళై పదిహేనేళ్ళైందండి," అన్నాడు సన్యాసిరావు వినయంగా.

"సార్, హి ఈజ్ మిస్‌లీడింగ్ ది కమిటీ," అంది కాంచనమాలగారు. "ఆ ఊఁ అనగానే పాప స్వింగ్ ఎలా మారుతోందో నేను వీడియో తీశాను. అది కోడ్ లాంగ్వేజ్. మా అన్విత పాపం ఏ హెల్ప్ లేకుండా ఆడుతోంది."

సోమయాజులుగారు గొంతు సవరించుకున్నారు. పదకొండేళ్ళుగా ఎవరూ తనను ఏమీ అడగలేదు, ఇవాళ అడిగారు, తేలిగ్గా వదలదలుచుకోలేదు. "ఊఁ అనే శబ్దానికి నా పరిశీలనలో పద్నాలుగు అర్థాలున్నాయండి. పిల్ల కథ చెబుతుంటే అనే ఊఁ: వింటున్నానని అర్థం, వినడం లేదని తాత్పర్యం. భార్య చీర చూపిస్తే అనే ఊఁ: ప్రాణరక్షణార్థకం. వియ్యపురాలి ఊఁ: ఇది ఇక్కడితో పోదని. డాక్టరు ఎక్స్‌రేని వెలుగుకెత్తి అనే ఊఁ ఉందే, రోగికి సగం ప్రాణం అక్కడే పోతుంది. ఇక పై అధికారి ఫైలు చూసి అనే ఊఁ. అది మహత్తరమైనది. చూశాను, చూడలేదు, ఏం జరిగినా నాకు సంబంధం లేదు, ఈ మూడూ ఏకకాలంలో."

"ఊఁ," అన్నారు త్ర్యంబకరావుగారు.

మినిట్స్ రాస్తున్న గుమాస్తా తలెత్తాడు. "సార్, దీన్ని ఆమోదం కింద రాసుకోమంటారా?"

కార్యదర్శిగారు ఉరిమి చూశారు. ఆ చూపును గుమాస్తా "వాయిదా" అని రాసుకున్నాడు.

తరవాత సన్యాసిరావు చేత పద్దెనిమిదిసార్లు ఊఁ అనిపించి, ఒక్కొక్కటి ఫోనులో రికార్డు చేసి, సోమయాజులుగారు కళ్ళు మూసుకుని విన్నారు. పద్నాలుగు అర్థాల్లో తొమ్మిది సలహా కిందికి వస్తాయి, మూడు రావు, రెండింటి మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ ఈయన ఊఁ ఆ పద్నాలుగింటిలో ఏదీ కాదన్నారు. తన ఆయుష్షులో ఇంత ఖాళీ ఊఁ వినలేదన్నారు.

ఇక్కడితో వ్యవహారం ముగిసిపోవలసింది. త్ర్యంబకరావుగారికి మనసొప్పలేదు. పిల్ల వైపు తిరిగారు. "చిరంజీవీ, మీ తండ్రిగారు ఊఁ అనినచో నీకేమని బోధపడును?"

జోషిత ఇదేం ప్రశ్న అన్నట్టు తండ్రిని చూసింది.

"నాన్న ఉన్నాడని."

సోమయాజులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సన్యాసిరావుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. త్ర్యంబకరావుగారి కళ్ళు కూడా మెరిశాయి, అయితే అది వేరే మెరుపు.

"రాసుకొనుము," అన్నారు గుమాస్తాతో. "తండ్రి ఉన్నాడన్న భావన వలన క్రీడాకారిణికి ధైర్యము కలుగుచున్నది. ధైర్యము వలన ఆట మెరుగుపడుచున్నది. ఆటను మెరుగుపరచునదే సలహా. కావున తండ్రి ఉనికియే సలహా."

వారం తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. తల్లిదండ్రులు ఉండవలెను, ఎందుకనగా సంచీ మోయువారు వేరెవరూ దొరకరు. అయితే ఉన్నట్లు ఉండరాదు. ఇకపై సంచీ మోయగోరు ప్రతి జననీజనకుడును నిర్వికార అర్హతా పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెను. క్రీడాభివృద్ధికి తల్లిదండ్రుల ప్రవర్తనయే మూలము గనుక, రాష్ట్ర జట్టు ఎంపికలో తల్లిదండ్రుల నిర్వికారతకు అరువది మార్కులు, పిల్లల ఆటకు నలుబది మార్కులు కేటాయించడమైనది. పాత కేసు విషయంలో సమాఖ్య దయతలచి సన్యాసిరావును హెచ్చరికతో వదిలేసింది.

కొత్త పరీక్ష అన్నాక మనవాళ్ళు ఊరుకుంటారా? పదిహేను రోజుల్లో ఊళ్ళో మూడు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. "ఆరు వారాల్లో రాయి" అని ఒకరు బోర్డు కట్టారు. ఎంసెట్ పాఠాలు చెప్పే మాస్టారొకాయన ఉదయం బ్యాచీకి కనుబొమలు, సాయంత్రం బ్యాచీకి పెదవులు మొదలెట్టాడు. గోల్ఫ్ కోచ్ దగ్గర పిల్లల సంఖ్య తగ్గిపోయింది. నలభై మార్కుల సబ్జెక్టుకు అంత సమయం ఎందుకని తల్లిదండ్రులు మానిపించి, ఆ గంటలో పిల్లల చేత తమకే ప్రాక్టీసు చేయించుకునేవారు. పిల్లలు ఎదురుగా కూచుని "నాకు లెక్కల్లో పదకొండు వచ్చాయి" అనాలి, వీళ్ళు కదలకూడదు.

పరీక్ష రోజు ముగ్గురు పరిశీలకులు అట్టలూ పెన్నులూ పట్టుకుని కూచున్నారు. మొదటి అంకంలో తమ బిడ్డ అడుగు దూరం నుంచి బంతి తప్పడం తెర మీద చూపిస్తారు. రెండో అంకంలో పక్కవాళ్ళ బిడ్డ అద్భుతంగా కొట్టడం చూపిస్తారు. మొదటి దానికి నిలిచినవాళ్ళు కూడా రెండో దానికి టపటపా రాలిపోయారు. మూడో అంకంలో పరిశీలకుడు చెవిలో మెల్లగా, "మీవాడు ఇంజనీరింగ్ చదవనంటున్నాడు" అంటాడు. చెట్టెక్కిన పెద్దమనిషి అక్కడే కూలబడ్డాడు, నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

కాంచనమాలగారు మాత్రం మూడు అంకాల్లోనూ ఒక్క గీత కదల్లేదు. పరిశీలకులు ముగ్ధులైపోయి మంచినీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు నోటి పక్కనుంచి కారి చీరంతా తడిసింది. ఆరా తీస్తే, పళ్ళు పీకేముందు చిగుళ్ళకిచ్చే మత్తు సూదిని ఆవిడ తన రెండు బుగ్గలకూ పొడుచుకుందని తేలింది. "ఉఫ్ ఫుఫ్ ఫూల్స్" అని వాదించబోయింది గానీ ఆ రూల్సేవో ఎవరికీ అర్థం కాలేదు. అప్పట్నించీ ప్రతి అభ్యర్థి బుగ్గనూ గిల్లి చూడాలని నిబంధన చేర్చారు. ఆవిడ స్థానంలో వాళ్ళాయన వచ్చి కూచున్నాడు. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఏ భావమూ ప్రకటించే అవకాశం లేని మనిషి కనక సులువుగా నెగ్గేశాడు.

రాష్ట్రంలో మొదటి ర్యాంకు ముగడ సన్యాసిరావుది. ఆయన ఏ కోచింగుకూ వెళ్ళలేదు. నీళ్ళు రాలేదని ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్ళ ముందు పద్దెనిమిదేళ్ళు నిలబడ్డ మొహం అది. దాన్ని కదిలించడం ఏ సమాఖ్య తరం?

"పేరునకు తగిన పురుషుడు," అని త్ర్యంబకరావుగారు శాలువా కప్పారు. పేపర్లో ఫోటో వచ్చింది. ఆఫీసులో చీఫ్ ఇంజనీరు పిలిచి కరచాలనం చేశాడు. జన్మలో ఎందులోనూ ఫస్టు రాని మనిషికి మొదటిసారి ఫస్టొస్తే తలకెక్కకుండా ఉంటుందా? సన్యాసిరావు ఆ మొహాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. అద్దం ముందు అరగంట, భోజనం దగ్గర అరగంట సాధన.

"ఏటండీ ఇది?" అంది భార్య సత్యవేణి. "మా తమ్ముడికి ప్రమోషన్ వొచ్చిందని చెప్తే గోడలాగ చూస్తారేటి? పులుసులో ఉప్పు మర్చిపోయినా అదే మొహం, పాయసం పెట్టినా అదే మొహం. నేను మనిషితో కాపరం చేస్తున్నానా, ఫోటోతోటా?"

"జోషిత కోసమే కదా," అన్నాడు పెదవులు కదపకుండా. "అరవై మార్కులే. దానికి జట్టులో సీటొద్దా ఏటి?"

"సీటు సరే. పిల్ల మీతో మాటాడి ఎన్నాళ్ళయిందో చూసుకున్నారా?"

చూసుకోలేదు. గుట్ట మీద ఇప్పుడు చాలా నిశ్శబ్దంగా ఉంటోంది. మొదట్లో జోషిత "మరేమో నాన్నా" అని మొదలెట్టి, కాసేపు ఆగి, జవాబు రాకపోతే మళ్ళీ మొదలెట్టేది. తరవాత మొదలెట్టడం మానేసింది. బంతి ముందు నిలబడి వెనక్కి చూడ్డం మాత్రం మానలేదు. అక్కడ శాలువా కప్పించుకున్న మొహం ఒకటి సంచీ మోస్తూ కనబడేది. ఇంకొక్క నెల ఓపిక పడితే చాలు, సీటొచ్చాక కబుర్లన్నీ కూచోబెట్టి చెప్పించుకుంటాను అనుకున్నాడు సన్యాసిరావు. పిల్లల కబుర్లు ట్యాంకులో నీళ్ళు కావు, మూత పెట్టి తరవాత వదలడానికి. అంత చిన్న సంగతి నీళ్ళ ఇంజనీరుకే తట్టలేదు.

నవంబరు చివర్లో ఎంపిక పోటీ. ముందు ఆడే పిల్లలు, వాళ్ళ వెనక సంచీతో తల్లో తండ్రో, ఆ వెనక మొహాలు చూసే పరిశీలకులు ముగ్గురేసి. బంతి ఎటు పోయిందో చూసే నాథుడు లేక రెండు బంతులు పోయాయి కూడా. జోషిత బాగా ఆడింది. పదిహేడు గుంతలయ్యేసరికి అందరికంటే ముందుంది. పద్దెనిమిదో గుంతకు మూడడుగుల దూరంలో బంతి ఆగింది. ఇది లోపలికి తోస్తే పిల్లల ఆటలో మొదటి స్థానం ఆమెది.

జోషిత కాళ్ళు సర్దుకుంది. వెనక్కి చూసింది.

సన్యాసిరావు గొంతులో ఊఁ ఉంది. అది అక్కడ మూడు నెలలుగా ఉంది. పైకి అంటే రెండు దెబ్బలు, నిర్వికార మార్కుల్లో కోత, నలుగురిలో చోటు గల్లంతు. ఇంత కష్టపడి చివరి అంగుళంలో బిడ్డ నోట మట్టి కొడతానా అనుకున్నాడు. మింగేశాడు.

"నాన్నా," అంది జోషిత. గొంతు సన్నగా ఉంది. "ఒక్కసారి."

పరిశీలకులు ముగ్గురూ ముందుకొచ్చి, అర మూర దూరంలో నిలబడి ఆయన మొహంలోకి చూస్తున్నారు. సన్యాసిరావు ఖాళీ బిందెలను తలుచుకున్నాడు. బంతి కొట్టడానికి నలభై సెకన్లే గడువు, రిఫరీ గడియారం చూస్తున్నాడు. జోషిత బంతి వైపు తిరిగింది. కొట్టింది.

బంతి గుంత అంచు తాకి పక్కకు పోయింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తప్పింది. మూడోసారి పడింది. అప్పుడా పిల్ల కర్ర కింద పడేసి, పచ్చగడ్డి మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. మూడు నెలల ఏడుపు అది. సన్యాసిరావు గుండె పిండేసినట్టైంది. మొహం మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పుడది ఆయన చేతిలో లేదు, అలవాటైపోయింది.

ఒక పరిశీలకుడు చప్పట్లు కొట్టాడు.

ఫలితాలు గంటలో తేలాయి. ఆటలో జోషిత మూడో స్థానానికి జారింది. అయితేనేం, తండ్రికి అరవైకి అరవై. మొత్తం మీద రాష్ట్రంలో ప్రథమం. క్లబ్బు పచ్చిక మీద వేసిన వేదిక ఎక్కి త్ర్యంబకరావుగారు గద్గదస్వరంతో మాట్లాడారు.

"కన్నబిడ్డ కన్నీరు కార్చుచుండగా కనురెప్ప సైతము కదల్పని ఈ జనకుని గాంచి క్రీడాలోకము గర్వించుచున్నది. ఇట్టి తండ్రులు ఇంటికొకరుండిన యెడల దేశమునకు పతకముల కొరతయే ఉండదు!"

పతకం సన్యాసిరావు మెడలో వేశారు. జోషితకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. "ఎంపిక కార్యక్రమమున క్రీడాకారిణి పాత్రలో సహకరించినందులకు" అని దాని మీద అచ్చు వేసి ఉంది. చప్పట్లు మోగాయి. సత్యవేణి మాత్రం చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూచుంది.

ఒక చిన్న లాంఛనం మిగిలింది. బాలల సంక్షేమ దృష్ట్యా, ఎంపికైన బిడ్డ స్వయంగా సమ్మతి తెలియజేయాలని సమాఖ్య నియమావళిలో ఎక్కడో ఒక మూల ఉంది. త్ర్యంబకరావుగారు మైకు వంచి పట్టుకున్నారు.

"చిరంజీవీ, రాష్ట్రము తరఫున ఆడుటకు నీకు సమ్మతమేనా?"

జోషిత కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఒకసారి పక్కన పతకం వేసుకున్న మొహాన్ని చూసింది. సభ ముగిసేదాకా పరీక్ష నడుస్తున్నట్టే లెక్క కనక ఆ మొహం అలాగే ఉంది. మూడేళ్ళుగా కోరుకున్న సీటు. పిల్ల మైకు దగ్గరికి వంగింది.

"ఊహూఁ."

ఆ శబ్దం నాలుగు లౌడు స్పీకర్లలోంచి గుట్ట దిగి సముద్రం దాకా వెళ్ళింది. త్ర్యంబకరావుగారు కంగారుగా నియమావళి పేజీలు తిప్పారు. ఊఁ మీద ఇరవై ఆరు పేజీలున్నాయి. దీని మీద ఒక్క ముక్క లేదు. ముందు వరసలో కూచున్న సోమయాజులుగారిని చూసి, "పండితులవారూ, దీనికి వ్యాఖ్యానము?" అన్నారు.

సోమయాజులుగారు లేచి నిలబడ్డారు. "దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదండి. ఊఁకి పద్నాలుగు అర్థాలు. దీనికి ఒకటే."

"ఒకే అర్థము గల మాటను సమాఖ్య ఎట్లు పరిష్కరించును?" అన్నారు త్ర్యంబకరావుగారు నిస్సహాయంగా. అని, వెంటనే తేరుకుని, ఊహూఁకార విచారణకు ఉపసంఘాన్ని ప్రకటించారు.

అప్పటికే జోషిత వేదిక దిగిపోయింది. ప్రశంసాపత్రం మైకు పక్కనే వదిలేసి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని గేటు వైపు నడుస్తోంది. సన్యాసిరావుకు ఆ ఒక్క శబ్దం అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అర్థమయ్యాక మొహం వశం తప్పింది. కింది పెదవి ముందు వణికింది, తరవాత గడ్డం, ఆ తరవాత ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి లేకుండా అంతా ఒక్కసారే కూలింది. పతకం మెడలో ఊగుతుండగా వేదిక మీంచి దూకి, "తల్లీ! జోషితా! ఆగమ్మా! నేనున్నానమ్మా!" అంటూ గడ్డి మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు.

పరిశీలకులు ముగ్గురూ అట్టలు పుచ్చుకుని వెంటపడ్డారు. పిలుపులు నాలుగు, ఎనిమిది దెబ్బలు. కన్నీళ్ళు, రెండు కళ్ళనూ విడివిడిగా లెక్కిస్తే, ఇంకో నాలుగు. పన్నెండైనాయండీ, ఇకనైనా ఆగండి, ర్యాంకు పోతుంది అని వెనకనుంచి అరిచారు. ఆయన ఆగలేదు.